మొదటి పిట్ట ఎవరిది?

శీతాకాలపు పక్షుల లెక్కలో పాల్గొనేవాళ్ళందరికీ మందుల షాపావిడంటే హడల్. లెక్క రోజున ఎవరికైనా అరుదైన పిట్ట కనబడితే ఆ సంగతి ఆమెకి రాసి పంపాలి. ఆమె సరే అంటేనే అది లెక్కలోకి ఎక్కుతుంది. సరే అన్న మాట ఆమె నోట అంత సులువుగా వచ్చేది కాదు. ఎంత దూరం నుంచి చూశారు, ఎండ మీ ముందుందా వెనకుందా, పక్కన ఇంకే పిట్టలున్నాయి, వాటికంటే ఇది ఎంత పెద్దది, పుస్తకం తిరగెయ్యకముందు రాసుకున్నారా, తిరగేశాక రాసుకున్నారా? ఒకాయన విసిగిపోయి, "నా కారు పోయినప్పుడు పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదండీ" అన్నాడు. "అందుకే మీ కారు దొరకలేదు" అంది ఆవిడ.

డాక్టర్ల గొలుసుకట్టు రాతలు చదివి మందులివ్వడం ఆమె వృత్తి. అనుమానం వస్తే మందు ఇవ్వదు, డాక్టరుకే ఫోన్ చేస్తుంది. ఆ అలవాటే పిట్టల దగ్గరా చూపిస్తోందని జనం అనుకునేవారు. అలవాటు కాదు, నిక్కచ్చితనమూ కాదు. కసి. ఒక్క మనిషి కోసం ఏళ్ళ తరబడి నూరుకున్న కత్తి అది. మిగతావాళ్ళకి దారిలో ఉన్న పాపానికి దాని పదును తగిలేది.

ఆ ఒక్క మనిషీ ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు.

వాళ్ళ నాన్న దర్జీ. వీధి గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకి వేలాడుతూ సగం కుట్టిన కోట్లు, నేలంతా దారప్పోగులు. వారమంతా వంగి కుట్టిన మనిషి సెలవు రోజున నడుం సాగదియ్యడానికని ఊరవతల ఉప్పుమళ్ళ వైపు నడిచేవాడు. అక్కడ నీటి అంచున తిరిగే పిట్టల్ని చూసీ చూసీ ఆ పిచ్చిలో పడ్డాడు. ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత టెలిస్కోపు కొన్నాడు. పెద్దకూతురికి బురదంటే గిట్టేది కాదు. చిన్నది మాత్రం టెలిస్కోపు స్టాండు భుజాన వేసుకుని ఆయన వెనకే నడిచేది. అమ్మ గుమ్మంలో నిలబడి, "బుర్ర తిరిగింది ఒకరికి, బయల్దేరేది ఇద్దరు" అని సాగనంపేది.

అక్కని చేసుకున్నాయన డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. మంచి మాటకారి. స్టీరింగు పట్టుకుంటేనే చెమటలు పట్టేవాళ్ళ పక్కన కూర్చుని రోడ్డు మీదికి తీసుకెళ్ళేవాడికి ఆ మాత్రం నోరు లేకపోతే ఎలా? పెళ్ళయిన కొత్తలో సరదాకి మామగారి వెంట ఉప్పుమళ్ళకి వెళ్ళాడు. ఏది తీతువో, ఏది ఉల్లంకో, దేని కాళ్ళు ఏ రంగులో ఉంటాయో మామగారే ఓపిగ్గా చూపించి చెప్పాడు. అల్లుడు ఇట్టే అందుకున్నాడు. మామగారికి నలుగురిలో నిలబడితే గొంతు పెగలదు. అల్లుడికి నలుగురు కనబడితే గొంతు ఆగదు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఊరి పక్షుల లెక్కంతా అల్లుడి చేతికొచ్చింది. ఎవరు ఏ దారిన వెళ్ళాలి, ఎవరు చూసింది నమ్మాలి, ఎవరిది కొట్టెయ్యాలి, అంతా ఆయన ఇష్టమే. నాన్నకి ఏ బాధా లేదు. "మనవాడు పైకొచ్చాడే" అని అమ్మ దగ్గర మురిసిపోయేవాడు.

అలా మురిసిపోతున్న రోజుల్లోనే, ఒక ఏడు లెక్క రోజు పొద్దున్న, నాన్నా చిన్నకూతురూ ఉప్పుమళ్ళ చివరి గట్టు మీద ఉన్నారు. పోటు నీళ్ళు మెల్లమెల్లగా బురద మీదికి ఎక్కుతున్నాయి. నీటి అంచునే బూడిదరంగు ఉల్లంకులు గుంపుగా మేస్తున్నాయి. ఒక్కొక్కటీ పిచ్చుకంత ఉంటుంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నాన్న టెలిస్కోపుకి కన్ను ఆనించి ఒక్కొక్కటీ లెక్కపెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏంటి నాన్నా?"

"ఉండు. మాట్లాడకు."

చాలాసేపు ఆయన కదల్లేదు. తరవాత పెదవి కదిలీ కదలనట్టు చెప్పాడు. "మిగతావన్నీ మన మిషను సూదిలాగా టకటకా పొడుస్తున్నాయి. ఇదొక్కటీ పొడవట్లేదే. తల దించుకుని, ముక్కు బురదకి ఆనించి, అటూ ఇటూ తుడుచుకుంటూ పోతోంది. నేలకి తడిగుడ్డ పెట్టినట్టు. పక్కనుంచి చూస్తే ముక్కు మామూలుగానే ఉంది. ఇదిగో, ఇటు తిరుగుతోంది... అమ్మాయ్! చివర వెడల్పుగా ఉంది. చెంచాలాగా!"

చెంచాముక్కు పిట్ట! లోకం మొత్తం మీద బహు కొద్దిగా మిగిలిన పిట్ట. వాళ్ళు పుస్తకంలో బొమ్మ చూడడమే గానీ ఆ తీరంలో దాన్ని చూసినవాళ్ళు లేరు. నాన్న "రా, రా, చూడు" అని పక్కకి జరిగాడు. ఆమె కన్ను ఆనించేలోగా పైనుంచి డేగ ఒకటి విసురుగా దిగింది. గుంపంతా ఒక్క పెట్టున లేచి సముద్రం మీదికి వెళ్ళిపోయింది. ఆమెకి కనిపించింది ఖాళీ బురద.

ఆ సాయంత్రం లెక్కకెళ్ళినవాళ్ళంతా అలవాటు ప్రకారం స్కూలు హాల్లో చేరారు. అందరి బూట్లకీ బురద, అందరి చేతుల్లో టీ కప్పులు. ముందు బల్ల దగ్గర బావ. నాన్న వంతు వచ్చింది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, చూసింది చూసినట్టు చెప్పాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఫోటో ఉందా మావయ్యగారూ?" అన్నాడు బావ.

"నా దగ్గర కెమెరా ఎక్కడిది బాబూ?"

"ముక్కు ఎంతసేపు చూశారు?"

"ఎదురుగా చూసింది ఒక్క క్షణమే. దాని నడక మాత్రం చాలాసేపు చూశాను."

"నడకా? ఎలా నడిచిందేంటి?"

"తుడుచుకుంటూ నడిచింది. నేల తుడిచినట్టు."

హాలు మూల నేల తుడిచే కర్ర ఒకటి నిలబెట్టి ఉంది. బావ వెళ్ళి దాన్ని తెచ్చాడు. నడుం వంచి, మెడ ముందుకి చాచి, హాలు ఈ కొస నుంచి ఆ కొసకి తుడుచుకుంటూ నడిచాడు. మధ్యమధ్యలో ఆగి తల తిప్పి చూస్తూ, "ఇలాగా మావయ్యగారూ?" అని అడిగాడు. జనం పడీ పడీ నవ్వారు. "ఓ వారం మా ఇంటికి పంపించండి దాన్ని. మీ అమ్మాయి నడుం నొప్పంటోంది!" మళ్ళీ నవ్వులు. ఆ తరవాత కర్ర గోడకి ఆనించి, పెద్దమనిషి మొహం పెట్టి అన్నాడు. "నడక చూసి పిట్టకి పేరు పెట్టకూడదు మావయ్యగారూ. అలా పెట్టే లెక్కయితే నా దగ్గర కారు నేర్చుకునేవాళ్ళలో సగం మంది బాతులే."

నవ్వులు ఆగాక మరదలి వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చూశావా?"

"బావా, నాన్న అంతసేపు..."

"నాన్న సంగతి కాదమ్మా. నువ్వు చూశావా, లేదా?"

"లేదు."

"అయితే అయిపోయింది" అని కలంతో ఒక్క గీత గీశాడు.

నాన్న నిలబడే ఉన్నాడు. అందరితో పాటు ఆయనా నవ్వుతున్నాడు. కర్ర పట్టుకుని అల్లుడు తిరుగుతున్నంతసేపూ, కొట్టేశాక కూడా, చంకలో టోపీ పెట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుని ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంటికి నడుస్తున్నప్పుడు, "అల్లుడు చెప్పిందీ న్యాయమేలే. ఒక్క క్షణమేగా" అన్నాడాయన.

నిజానికి అందులో న్యాయం లేకపోలేదు. ఒక్కడే మనిషి, ఒక్క క్షణం చూపు, ఫోటో లేదు. బావ కుర్చీలో తనున్నా కొట్టేసేదే. కొట్టేసినందుకు ఆమెకి కోపం లేదు. ఆమె కోపమంతా ఆ కర్ర మీద.

ఆ నవ్వు హాల్లో ఆగిపోలేదు. చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా, "ఏం మేస్త్రీ, మీ తుడుపు పిట్ట కులాసానా?" అని అడిగేవారు. కొన్నాళ్ళకి ఆయన పేరే 'తుడుపు పిట్ట' అయిపోయింది. మరుసటి శీతాకాలం లెక్కకి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులన్నాడు. టెలిస్కోపు కుట్టుమిషను వెనక మూల చేరింది, దాని మీద బట్టలు పడ్డాయి. ఆ పై శీతాకాలానికి ఆయనే లేడు. పోయేముందు ఆసుపత్రి మంచం మీద ఒక మధ్యాహ్నం మగతలోంచి లేచి, "నిజంగా చూశానే" అన్నాడు.

"నాకు తెలుసు నాన్నా."

"నీకెలా తెలుస్తుంది? నువ్వు చూడలేదుగా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. అని మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె బావని 'బావా' అని పిలవడం మానేసింది. 'బావగారూ' అనడం మొదలుపెట్టింది. నువ్వు పోయి మీరు వచ్చింది. బావ అది గౌరవం అనుకున్నాడు. అక్కకి మాత్రం మొదటిసారి విన్నప్పుడే ఒళ్ళు జలదరించింది.

ఆమె టెలిస్కోపు మీద బట్టలు తీసి దుమ్ము తుడిచింది. ప్రతి సెలవుకీ ఉప్పుమళ్ళకి వెళ్ళింది. దొరికిన పుస్తకమల్లా చదివింది. ఊళ్ళ లెక్కలన్నీ ఒకచోట చేర్చే పై కమిటీ ఒకటుంది. దాని పెద్ద ఒక పళ్ళ డాక్టరు. నిదానస్తుడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ కమిటీలో మొదట టీ కప్పులు అందించింది, తరవాత ఉత్తరాలు రాసింది. చివరికి అరుదైన పిట్టల్ని సరిచూసే పని ఆమెకే అప్పగించారు. బావ హాల్లో అందరికీ చాటాడు. "మా మరదలే! మా ఇంటి మనిషే!"

ఇంటి మనిషి తడాఖా ఆ ఏడే తెలిసింది. ఆయన పంపిన డేగని ఆమె కొట్టేసింది. మరుసటి ఏడు ఒక బాతుని కొట్టేసింది. "రెక్క కింద రంగు రాయలేదు బావగారూ." ఆయన ముందు నవ్వాడు. తరవాత మండిపడ్డాడు. ఆ తరవాత పట్టుదల వచ్చి, కెమెరా కొని, గంటల తరబడి బురదలో పడుకుని, ఈక ఈకా వర్ణించి రాయడం నేర్చుకున్నాడు. అలాంటివి కొట్టెయ్యడానికి కారణం దొరక్క ఆమె ఒప్పుకునేది. ఒప్పుకున్న రోజు ఆమెకి అన్నం సయించేది కాదు.

అక్క ఫోన్ చేసేది. "ఏమే, ఆయన చూసేవన్నీ అబద్ధాలేనా? ఇంట్లో మొహం మాడ్చుకుని కూర్చుంటున్నారు."

"అక్కా, నేను సరిచూసేది పిట్టల్ని. మీ ఆయన మొహాన్ని కాదు."

ఈలోగా ఆమెకి ఒకచోట చెంచాముక్కు పిట్ట వీడియో దొరికింది. వేరే తీరంలో ఎవరో తీసింది. మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, మందుల డబ్బాల మధ్య కూర్చుని చూసింది. మిగతా ఉల్లంకులు పొడుస్తుంటే అది తల దించుకుని బురదని తుడుచుకుంటూ పోతోంది. అచ్చం నాన్న చెప్పినట్టే. ఆమె ఆ వీడియోని ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. బయట ఎవరో దగ్గుమందు కోసం తలుపు తడుతున్నా లేవలేదు.

అయినా చేతులు కట్టేసినట్టే ఉంది. కమిటీ నియమం ఒకటుంది. కన్నవాళ్ళో తోడబుట్టినవాళ్ళో చూసిన పిట్ట గురించి కమిటీలో ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి కొట్టేసినదాన్ని తిరిగి తెరవాలంటే, కొట్టేసిన మనిషే అడగాలి. అంటే బావే నోరు తెరిచి అడగాలి. ఆమె ఎదురుచూసింది.

ఎదురుచూసినదానికి ఫలితం దక్కింది. ఒక శీతాకాలం బావ నుంచి కాగితాలు వచ్చాయి. చెంచాముక్కు పిట్ట! ఉప్పుమళ్ళ చివరి గట్టు దగ్గర. ఫోటోలున్నాయి గానీ అన్నీ దూరం నుంచి, అన్నీ పక్కవాటంగా తీసినవి. పక్కనుంచి చూస్తే ఆ పిట్ట ముక్కు మామూలు ముక్కే. చెంచా కనబడాలంటే అది ఎదురుగా తిరగాలి. ఎదురుగా ఒక్క లిప్త చూశానని ఆయన నిజాయితీగానే రాశాడు. వర్ణనంతా అద్భుతంగా ఉంది. కింద ఇలా ఉంది: తల దించి, ముక్కు బురదకి ఆనించి, అటూ ఇటూ తుడిచినట్టు ఆడిస్తూ నడిచింది.

ఆమె ఆ వాక్యం దగ్గర ఆగింది. ముందు పేజీ, వెనక పేజీ తిరగేసింది. మామగారి ఊసు ఒక్క ముక్క లేదు. మరుసటి రోజు పేపర్లో బావ ఫోటో వచ్చింది. 'మన తీరంలో తొలిసారి' అని పైన పెద్ద అక్షరాలు. 

షాపు సహాయకురాలికి అప్పగించి ఆమె ఉప్పుమళ్ళకి వెళ్ళింది. ఆ పిట్ట వేరేదై ఉండాలని, బావ పరువు బురదలో కలవాలని దారంతా కోరుకుంటూ వెళ్ళింది. పోటు అప్పుడే మొదలైంది. గుంపు దిగింది. పొడిచేవాటి మధ్య ఒకటి తుడుచుకుంటూ నడుస్తోంది. అది నడిచి నడిచి, నీటి పాయ దగ్గర ఆగి, తలెత్తి తిన్నగా ఆమె వైపు తిరిగింది. నల్లటి చిన్న చెంచా. అనుమానానికి తావే లేదు. ఈసారి ఏ డేగా రాలేదు. కళ్ళు నీళ్ళతో మసకబారితే తుడుచుకుని మళ్ళీ చూసింది. ఏడుస్తూనే మనసులో ఒక మాట అనుకుంది. ఆ మాట పిట్టని ఉద్దేశించి కాదు, బావని ఉద్దేశించి. 'దొరికావు.'

వెనక నుంచి ఉప్పుమళ్ళలో కూలీల చేత పని చేయించే మేస్త్రీ పలకరించాడు. "ఏమ్మా, మీ బావగారి పిట్ట కోసమా? కనబడిందా?"

"లేదండీ. ఏం కనబడలేదు" అంది ఆమె.

సరిచూసే మనిషి స్వయంగా చూస్తే ఇక చర్చే అక్కర్లేదు. బావ పిట్ట నేరుగా లెక్కలోకి ఎక్కుతుంది, మొదటిదిగా. ఆమె ఒక్క మాట చెబితే చాలు. ఆ మాటని ఆమె మింగేసింది.

కమిటీ ఆ ఏడు అదే స్కూలు హాల్లో కూర్చుంది. పేపరు చూసి జనం బాగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బావ ముందు వరుసలో, పక్కన అక్క. పళ్ళ డాక్టరు, "ఇవాళ మనందరికీ గొప్ప రోజు" అని మొదలుపెట్టి ఆమెని మాట్లాడమన్నాడు.

ఆమె లేచింది. గొంతు చాలా మెత్తగా ఉంది. "బావగారూ, ఫోటోల్లో చెంచా కనబడడం లేదు కదా?"

"లేదు. పక్కవాటం కదా."

"ముక్కు ఎదురుగా ఎంతసేపు చూశారు?"

"క్షణమే. కానీ నడక చాలాసేపు..." అని ఆగిపోయాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"నడక చూసి పిట్టకి పేరు పెట్టకూడదని ఈ హాల్లోనే ఎవరో అన్నారు" అంది ఆమె. "మీరే అన్నారు. ఆ రోజు ఇక్కడున్నవాళ్ళు ఇవాళా ఉన్నారు. ఆ మాట నిజమైతే మీ పిట్టని కొట్టెయ్యాలి. అబద్ధమైతే ఆ మాట పెట్టి కొట్టేసిన ఇంకో పిట్ట ఉంది. దాని గురించి నేను మాట్లాడకూడదు. మాట్లాడగలిగినవాళ్ళు ఒక్కరే."

వెనక వరుసలో రిటైరైన నర్సు ఒకావిడకి ఆ రోజు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెంటనే తల దించుకుంది.

బావ మరదలి కళ్ళలోకి చూశాడు. నోరు తెరిచాడు. ఆయన ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగొచ్చు. 'నువ్వు వెళ్ళావుగా, నువ్వు చూశావా?' అడిగితే అబద్ధమైనా ఆడాలి, ఆటైనా వదులుకోవాలి. ఏది చెయ్యాలో ఆ క్షణం దాకా ఆమె తేల్చుకోలేదు.

ఆయన అడగలేదు. నోరు మూసుకుని, పళ్ళ డాక్టరు వైపు తిరిగాడు. "నేను కొట్టేసినది ఒకటుంది. దాన్ని మళ్ళీ తెరవమని అడుగుతున్నాను."

"ఎవరిది?" అంది ఆమె.

"మా మామగారిది."

"ఆయన ఏం చూశారు?"

"చెంచాముక్కు పిట్టని. నేల తుడిచినట్టు నడిచిందని చెప్పారు."

"ఎలా నడిచిందన్నారు? అప్పుడు మీరు చేసి చూపించారు కదా. కొత్తవాళ్ళకి తెలియదు. చూపించండి."

పళ్ళ డాక్టరు ఇబ్బందిగా కదిలాడు. "అక్కర్లేదు లెండి, ఎందుకిప్పుడు..."

"అక్కరుందండీ" అంది ఆమె.

అక్క మొగుడి చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆయన విడిపించుకుని లేచాడు. జుట్టు నెరిసింది, బొజ్జ వచ్చింది, వంగితే మోకాలు పట్టేస్తుంది. వట్టి చేతులతోనే నడుం వంచి, మెడ ముందుకి చాచి, హాలు మధ్య నాలుగడుగులు తుడుచుకుంటూ నడిచాడు. ఒక్కరూ నవ్వలేదు. ఆయన నిటారుగా లేచి నిలబడేసరికి మొహం కందగడ్డలా ఉంది.

ఓటింగు జరిగినంతసేపూ ఆమె నియమం ప్రకారం బయట వరండాలో నిలబడింది. రెండు పిట్టల్నీ ఒప్పుకున్నారు. మొదటిది దర్జీది. రెండోది డ్రైవింగ్ స్కూలాయనది.

ఆ రాత్రి ఆమెకి కంటి నిండా నిద్ర పట్టింది. ఆ సంగతి దాచుకోవాలని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

పొద్దున్నే అక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "నీ కసి తీరిందా?"

"తీరింది."

"అంతమందిలో మా ఆయన్ని గెంతించావు."

"గెంతించలేదు. నడిపించాను."

"నాన్నే ఉంటే నీ చెంప పగలగొట్టేవాడు."

"నాన్నే ఉంటే ఇదంతా ఉండేదే కాదు అక్కా."

లోపలి నుంచి అమ్మ వచ్చింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వేలెడంత లేదు ఆ పిట్ట. మన ఇంట్లో గింజ ముట్టలేదు. నా మొగుణ్ణి తినేసింది, ఇప్పుడు నా కూతుళ్ళనీ తినేస్తోంది" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అక్క గడప లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. ఆ పైన చాలా నెలలు అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

బావ మాత్రం ఒక మధ్యాహ్నం షాపుకి వచ్చాడు. మోకాలికి డాక్టరు చేత మందు రాయించుకున్నాడు. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక చీటీ అందించాడు. ఆమె చీటీ చదివి, మందు తీసి, రోజుకి రెండుసార్లు తిన్నాక వేసుకోవాలని చెప్పింది. ఆయన కదల్లేదు.

"ఆ రోజు నువ్వు పిట్టని చూశావు" అన్నాడు మెల్లగా. "కమిటీ కూర్చోకముందే ఉప్పుమళ్ళ మేస్త్రీ నాకు చెప్పాడు. టెలిస్కోపుకి కళ్ళు అంటించుకుని ఏడ్చావట. ఖాళీ బురదని చూసి ఎవరూ ఏడవరు."

ఆమె చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టింది. "తెలిసీ హాల్లో ఎందుకు అడగలేదు?"

"అడిగితే నా పిట్ట ఒడ్డెక్కేది. మావయ్యగారిది అక్కడే ఉండిపోయేది." డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు. "కర్ర సంగతి నాకూ గుర్తుందే. రాసేటప్పుడు 'తుడిచినట్టు' అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆయన పేరు రాయడానికి చెయ్యి రాలేదు. సిగ్గేసింది."

ఇంకొకరైతే కరిగిపోయేవారేమో. ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కాచుకుని, పళ్ళు నూరుకుని గెలిచిన గెలుపులో సగం ఈయన దయగా పడేసినదా? తను ఒంటరిగా వేసిన వల అనుకుంది. చేప తెలిసే వచ్చి పడిందా?

"మీరు జాలి చూపిస్తే తీసుకునే రకం కాదు నేను, బావగారూ" అంది.

"జాలని ఎవరన్నారు?"

"వెనక జనం ఉన్నారు. జరగండి."

సాయంత్రం షాపు కట్టేసి తిన్నగా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎవరి నోట్లోనో పరికరం పెట్టి ఉన్నాడు. పేషెంటు నోరు తెరుచుకుని వింటుండగానే చెప్పేసింది. పిట్టని తను ముందే చూసిందని, చూసి దాచిందని, కావాలనే దాచిందని. డాక్టరు నిట్టూర్చాడు. "ఇలాంటివి తెలిశాక మిమ్మల్ని ఆ పనిలో ఉంచలేనమ్మా."

"తెలుసు. అందుకే చెప్పాను."

"పశ్చాత్తాపమా?"

"కాదండీ. నేను చేసింది ఒకాయన మూట కట్టి దాచిపెడుతుంటే చూస్తూ ఊరుకోలేను. నా తప్పు నాకే ఉండాలి."

పేషెంటు ఏదో అనబోయి గొంతులో నీళ్ళు పోయి దగ్గాడు.

సరిచూసే పని రిటైరైన నర్సుకి అప్పగించారు. దర్జీ పిట్ట మొదటిదిగానే ఉండిపోయింది. దాన్ని ఎవరూ కదపలేదు. అమ్మ మధ్యలో పడి అక్కాచెల్లెళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, ఇద్దరూ మాట్లాడుకునేదాకా బయటికి రానివ్వలేదు. బావామరదళ్ళ మధ్య మాత్రం ఆ పప్పులేం ఉడకలేదు. అక్క ఇంటికి వెళితే ఆయన వసారాలో ఉంటాడు, ఈమె వంటింట్లో ఉంటుంది.

ఇప్పుడు లెక్క రోజున ఇద్దరూ ఉప్పుమళ్ళకే వెళతారు. వేరే దారి ఇస్తామన్నా ఎవరూ ఒప్పుకోలేదు. ఈ గట్టు మీద ఆమె నాన్న టెలిస్కోపు పెట్టుకుని, ఆ గట్టు మీద ఆయన కెమెరా పెట్టుకుని, మధ్యలోని ఒకే గుంపుని లెక్కపెడతారు. ఇద్దరి అంకెలూ ఏనాడూ కలవవు. ఆయన తక్కువ చెబితే ఆమె ఎక్కువ చెబుతుంది, ఆయన ఎక్కువ చెబితే ఆమె తక్కువ చెబుతుంది. సాయంత్రం హాల్లో నర్సు ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, "మీ ఇద్దర్లో ఎవరిది నమ్మాలో నాకైతే తెలియదు" అంటూ మధ్యలో అంకె ఒకటి వేసుకుంటుంది.